ఏప్రిల్ ఒకటిన ఇక్కడెవరున్నారు

ఇరవైరెండు పదిహేడో నంబరు ఇంటి ముందు గడ్డి ఎండిపోయి చీపురుపుల్లల్లా నిలబడింది. కిటికీ అద్దానికి అంటించిన బ్యాంకు నోటీసు వెలిసి, ఒక మూల ఊడి, గాలికి టపటపమంటోంది. ఎవరు చూసినా ఈ ఇంట్లో మనుషులు లేరనే అంటారు. డియోలిండా బోర్బా మాత్రం అనలేదు. తలుపు మూడుసార్లు తట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తీసినవాళ్ళకి తన చేతులు కనబడేలా నిలబడింది. ట్రైనింగులో అలాగే నిలబడమన్నారు. భుజానికి జనాభా లెక్కల నల్ల బ్యాగు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో బైండరు. జూన్ నెల, పొద్దున్న పదింటికే మెర్సెడ్ ఊరి ఎండ మాడు మీదెక్కి కూర్చుంది.

ఎవరూ రాలేదు. ఆమె ఇంటి పక్కకి నడిచి కరెంటు మీటరు చూసింది. లోపలి చక్రం నింపాదిగా తిరుగుతోంది. ఖాళీ ఇంట్లో చక్రం ఎందుకు తిరుగుతుంది? చెత్తడబ్బా మూత ఎత్తి చూసింది. లోపల ఏమీ లేదు, కానీ అడుగున తడి ఉంది. అంటే ఎవరో కడిగారు. పారిపోయినవాళ్ళు చెత్తడబ్బా కడిగి పోరు గదా.

“ఉన్నారు. ఉండి తియ్యడం లేదు,” అనుకుంది.

 ఈ మెడోలార్క్ కోర్టు అనే వీధి పేరు ఆమె చేత్తో వందసార్లు రాసి ఉంటుంది. కంటితో చూడడం మాత్రం ఇదే మొదలు. సూపర్‌వైజరు పావ్ వాంగ్ ఈ బైండరు చేతిలో పెట్టినప్పుడే వద్దందామనుకుంది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? అయిదేళ్ళ కిందట ఈ వీధి మొత్తానికి ఇళ్ళప్పుల కాగితాలు తయారుచేసింది నేనేనండీ అని చెప్పాలా? పద్నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నాక దొరికిన పని ఇది. గంటకి పదమూడు డాలర్లు. ఆమె నోరు మూసుకుని బైండరు తీసుకుంది. అదీగాక అప్పట్లో ఆఫీసులో ఆమె పేరు లిండా. ఇప్పుడు మెడలో కార్డు మీద డియోలిండా అని పూర్తిగా ఉంది. జుట్టుకి రంగు వెయ్యడం కూడా మానేసింది. ఎవరు గుర్తుపడతారు?

తలుపు తియ్యకపోతే, వచ్చి వెళ్ళినట్టు చీటీ రాసి సందులో పెట్టాలి. వచ్చిన తేదీ, వేళ, ఫోన్ నంబరు రాసి మడిచి పెట్టింది. ‘మీరు చెప్పిన సంగతులు ఎవరికీ చెప్పబడవు’ అని చీటీ అడుగున అచ్చులో ఉంటుంది.

“ఏమ్మా, దెయ్యాల్ని కూడా లెక్కపెడుతున్నారా ఇప్పుడు?”

ఎదురింటి గరాజు తలుపు పైదాకా ఎత్తి ఉంది. లోపల మడత కుర్చీలో ఓ డెబ్భై అయిదేళ్ళాయన, పక్కన చిన్న ఫ్యాను, ఎవరినో ఏకధాటిగా తిడుతున్న రేడియో. గోడకి వైమానిక దళం టోపీ తగిలించి ఉంది. పేరు ఎల్వుడ్ ప్రూయిట్ అని బైండరులో ఉంది. ఇంటికొచ్చిన లెక్కల ఫారం ఆయన కూడా నింపి పోస్టు చెయ్యలేదు.

“మీది కూడా రాలేదండీ ప్రూయిట్ గారూ. రెండు నిమిషాలు పడుతుంది.”

“పంపలేదు గనక రాలేదు. ఒక్కణ్ణి. రాసుకో. రాజ్యాంగం తలలు లెక్కపెట్టమంది, అంతే. నా పుట్టినరోజు ఎందుకు మీకు, కేకు పంపిస్తారా?”

“పంపితే తింటారా?”

ఆయన నవ్వలేదు గానీ రేడియో గొంతు తగ్గించాడు. “నీకు గంటకెంతిస్తున్నారు? పదమూడా? ఈ బ్యాగు, ఈ కార్డు, ఈ పెన్సిళ్ళు. అప్పు తెచ్చి మరీ నన్ను లెక్కపెడుతోంది గవర్నమెంటు. చైనావాడి దగ్గర తెచ్చిన డబ్బుతో ఎల్వుడ్ ప్రూయిట్ ఒక్కడే అని తెలుసుకున్నారు. శభాష్! ఇరవైనాలుగేళ్ళు ఆ క్యాజిల్ బేసులో విమానాల ఇంజన్లు విప్పి బిగించాను. ఒక్క బోల్టుకి కూడా లెక్క చెప్పేవాళ్ళం.”

ఆ ఇరవైనాలుగేళ్ళ జీతమూ, ఇప్పుడొచ్చే పింఛనూ ఏ ఖజానాలోంచి వస్తున్నాయో అడుగుదామని డియోలిండా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తన కంచంలో ఏనుగు చచ్చి పడున్నా పక్కవాడి కంచంలో ఈగే కనబడుతుంది మనిషికి. ఆయనేం కొత్త కాదు.

“ఆ ఎదురింటివాళ్ళు,” అంటూ ఎల్వుడ్ గడ్డంతో చూపించాడు, “జీతం చారెడు, ఇల్లు గంపెడు. వాళ్ళ మూలానే నా ఇంటి ధర సగానికి పడిపోయింది. పీడా పోయింది, ఫిబ్రవరిలో బ్యాంకు తీసేసుకుంది.”

ఆమె కారెక్కేముందు ఒకసారి వెనక్కి చూసింది. చీటీ తలుపు సందులోనే ఉంది.

బుధవారం మళ్ళీ వెళ్ళేసరికి లేదు. గాలికి ఎగిరిపోయిందేమోనని వాకిలంతా వెతికింది, పొదల కింద కూడా చూసింది. లేదు. మళ్ళీ తట్టింది, మళ్ళీ రాసి పెట్టింది. ఈసారి తలుపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు అనిపించింది. తనూ ఊపిరి బిగబట్టింది. అలా తలుపుకి చెరోవైపు ఇద్దరూ ఎంతసేపున్నారో గానీ, చివరికి దిగి వచ్చింది డియోలిండాయే.

*

పావ్ వాంగ్ గుంపు రోజూ ఎనిమిదింటికి సొఖా గారి డోనట్ల కొట్లో కలుస్తుంది. నింపిన ఫారాలు అప్పగించడం, కొత్తవి తీసుకోవడం, గంటల లెక్క సంతకం పెట్టించుకోవడం, అన్నీ ఆ జిడ్డు బల్ల మీదే. పావ్‌కి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ప్రతి ఫారాన్నీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, గడులు సరిగ్గా నల్లబడ్డాయో లేదో చూస్తాడు. ఎవరో ఒకరు ఇంటి గడప తొక్కకుండా కారులో కూర్చుని పేర్లు కల్పించి రాస్తున్నారని ఆయన అనుమానం. అందుకే పది ఫారాలకొకటి తీసి మళ్ళీ మనిషిని పంపి అడిగిస్తాడు.

గురువారం పొద్దున్న గొడవ డారెల్ మొదలెట్టాడు. డారెల్ లారీ నడిపేవాడు. లారీల కంపెనీ మూతపడింది, వీడి ఇల్లు కూడా పోయింది.

“గ్రీసు కూడా అప్పుల్లో మునుగుతోందట, చూశారా? ఇక్కడ మనం తుమ్మితే అక్కడ వాళ్ళకి జలుబు. న్యూయార్కులో ఆ టై కట్టుకున్న బ్యాంకు దొంగల్ని జైల్లో పెట్టాల్సింది పోయి బోనస్సులిచ్చారు.”

“ఒక్క న్యూయార్కునే ఎందుకంటావు నాయనా?” అంది మిసెస్ ఓకుబో. ఆవిడ రిటైరైన టీచరు. ఇప్పటికీ ఎవరిని చూసినా హోంవర్కు చెయ్యనివాణ్ణి చూసినట్టే చూస్తుంది. “ప్రతివాడికీ ఇల్లుండాలని వాషింగ్టన్ వాళ్ళు పదేళ్ళు ఊదరగొట్టారు. ఇప్పుడా మంట ఆర్పడానికి మళ్ళీ అప్పు. పదమూడు ట్రిలియన్లట. సున్నాలెన్నో చెప్పు చూద్దాం.”

డారెల్ డోనట్ మీది చక్కెర పలుకుల్ని వేలితో వరసగా పేర్చి పన్నెండు లెక్కపెట్టాడు.

“ఆ పదమూడులో మన జీతాలు కూడా ఉన్నాయి. గట్టిగా తిట్టకండి, వింటారు,” అన్నాడు పావ్ ఫారంలోంచి తలెత్తకుండా.

అందరూ నవ్వారు. డియోలిండా నవ్వలేదు. ఉన్నట్టుండి అనేసింది: “తీసుకున్నవాళ్ళ మాటేమిటి? వచ్చేదానికి మూడింతలు జీతం వస్తుందని చెప్పి ఇళ్ళు కొన్నారే, వాళ్ళు అబద్ధాలు చెప్పబట్టే గదా ఇంతా జరిగింది!”

“నీకెలా తెలుసు?” అన్నాడు డారెల్. మామూలుగానే అడిగాడు.

“పేపర్లో రాశారు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. డారెల్ తన మానాన కాఫీ ఊదుకుంటున్నాడు. డియోలిండాకి మాత్రం వాడింకా తనవైపే చూస్తున్నట్టుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో తమ పిడికెడు పట్టుకోవడానికి చెయ్యి చాపినవాళ్ళు ఎవరూ లేరు.

పావ్ ఆమె బైండరు తిరగేశాడు. “పదిహేడో నంబరు రెండుసార్లయింది. ఇవాళ మూడోసారి వెళ్ళండి. తియ్యకపోతే పక్కింటివాళ్ళని అడిగి ఆ ఇంటి లెక్క మూసెయ్యండి. ఖాళీ అంటే ఖాళీ అని రాసెయ్యండి, అంతే.”

“మీటరు తిరుగుతోంది పావ్.”

“మీటరుకి ఫారం లేదండీ. మనిషి నోటితో చెప్పాలి.”

*

మూడోసారి కూడా తలుపు తియ్యలేదు. రూలు ప్రకారం డియోలిండా రోడ్డు దాటింది. ఎల్వుడ్ ఆమెని చూసి, మంచు డబ్బాలోంచి సోడా తీసి ఇచ్చాడు. ఆమె తాగకుండా చేత్తో పట్టుకుంది. ఇళ్ళవాళ్ళిచ్చింది తాగకూడదని రూలు.

“ప్రూయిట్ గారూ, ఒక ఇంటి గురించి అడగాలి. మా లెక్క ఏప్రిల్ ఒకటో తారీఖు నాటిది. ఆ రోజున ఆ పదిహేడో నంబరులో ఎవరున్నారు?”

“ఎవరూ లేరని మొన్ననే చెప్పానుగా.”

“ఖాయంగా?”

ఆ ఒక్క మాటతో పని చెడింది. ఎల్వుడ్ చెయ్యి రేడియో మీద ఆగింది. కళ్ళు చిన్నవి చేసి ముందు ఆమెని చూశాడు, తర్వాత ఆమె భుజం మీదుగా ఆ ఇంటిని చూశాడు.

“ఖాయంగా అంటే? నువ్వు మూడు రోజుల్నుంచి తిరుగుతున్నావ్. ఖాళీ ఇంటికి మూడుసార్లు ఎందుకొస్తావ్?”

“రూలండీ. ఏ ఇంటికైనా అంతే.”

“ఆ పక్కన పందొమ్మిదో నంబరు కూడా ఖాళీయే. దానికొక్కసారే వెళ్ళావు. నేను చూస్తూనే ఉన్నా.” ఆయన లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. “మొన్న తెల్లారుజామున నీళ్ళ చప్పుడు వినబడింది. పైపు లీకనుకున్నాను. నా తలకాయ! దొంగచాటుగా లోపలే ఉన్నారన్నమాట.”

“నేనలా అనలేదు.”

“అనకపోతేనేం, అడిగావుగా. చాలు.”

ఆయన రోడ్డు దాటి ఆ కిటికీ దగ్గరికి నడిచాడు. నోటీసు మీది ఫోన్ నంబరుని అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. ఎండలో వంగి, గోడకి ఓ చెయ్యి ఆనించుకుని, ఒక్కో అంకే నోట్లో పలుకుతూ రాసుకుంటున్న ఆ ముసలాయన్ని చూస్తూ డియోలిండా సోడా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆపాలి. ఏమని ఆపుతుంది? లోపల మనుషులున్నారని చెప్పి ఆపాలా?

*

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ వీధికి వెళ్ళకుండా గడిపింది. వేరే వీధుల్లో ఏడు ఇళ్ళు పూర్తి చేసింది. మూడింటికి ఇక వెళ్ళక తప్పలేదు. ఎల్వుడ్ ఆమె కోసమే కాచుకున్నట్టు గరాజులోంచి చెయ్యూపాడు.

“పొద్దున్నే వచ్చాడు బ్యాంకు తరఫు మనిషి. కిటికీలోంచి తొంగి చూశాడు. సోమవారం తాళాలు మార్చేవాణ్ణి, షెరీఫు మనిషినీ వెంటబెట్టుకొస్తాడట. నాకు థాంక్స్ కూడా చెప్పాడు.” “నీకూ చెప్పాల్సింది,” అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద ఎంతో తన మీద అంతకంటే ఎక్కువ. నేరుగా వెళ్ళి పదిహేడో నంబరు తలుపు తట్టింది. ఈసారి వెనక్కి అడుగు వెయ్యలేదు.

“నేనేమీ చెప్పలేదండీ,” అంది తలుపుతో. “దేవుడి మీద ఒట్టు, నేను ఆయనకి ఏమీ చెప్పలేదు.”

గొలుసు తియ్యకుండానే తలుపు జానెడు తెరుచుకుంది. యాభై ఏళ్ళ ఆడమనిషి, పొడుగు మొహం, కళ్ళ కింద నల్లటి చారలు. బైండరులో ఉన్న పాత పేరు ప్రకారం హసింతా బర్రగాన్ అయి ఉండాలి.

“చెప్పలేదు. మరి వాడెందుకొచ్చాడు?” గుసగుసగా అడిగింది.

“అడిగానంతే. పక్కింటివాళ్ళని అడగాలని మాకు రూలు.”

“ఎవర్ని అడిగావ్? రోజంతా మా తలుపుకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి అడిగావ్. నాలుగు నెలలు పగలు తెర తియ్యలేదు. మా అమ్మకి ఎనభై ఒకటి, దగ్గొస్తే దిండు నోటికడ్డం పెట్టుకుని దగ్గింది. జూలైలో పీచ్ పళ్ళు డబ్బాల్లో నింపే క్యానరీ మొదలైతే నాలుగు జీతాలు చేతికొస్తాయి, అద్దెకో గది తీసుకుందాం, అప్పటిదాకా నోరెత్తకుండా ఉందాం అనుకున్నాం. నువ్వు రోడ్డు మీద నిలబడి, ఈ ఇంట్లో మనుషులున్నారా అని అడిగావ్. చెప్పడానికీ దీనికీ తేడా ఏంటి?”

ఇక తలుపు మూసేస్తుందనుకుంది డియోలిండా. మూయలేదు. హసింతా సందులోంచి రెండు కాగితాలు పక్కపక్కన పట్టుకుని చూపించింది. ఒకటి బుధవారం నాటి చీటీ. రెండోది పాత కాగితానికి తీసిన నకలు.

“నీ పేరు లిండా గదూ?”

ఆ నకలు ఇంటి అప్పు దరఖాస్తుది. నెల ఆదాయం అన్నచోట 7,400 అని చేత్తో రాసి ఉంది. చీటీ మీద ఆమె ఫోన్ నంబరులో రెండు ఏడులున్నాయి. రెండు కాగితాల్లోనూ ఏడు నడుమున అడ్డగీత ఉంది, కుడివైపు కొస కాస్త పైకి లేచి ఉంది. ఈ దేశంలో ఏడుకి అలా గీత కొట్టేవాళ్ళు తక్కువ. అసోర్స్ దీవుల్లో వాళ్ళమ్మ బడిలో నేర్చుకుని, మెర్సెడ్‌లో వంటింటి బల్ల మీద కూతురికి నేర్పిన ఏడు అది. పేరు మార్చుకుంది, జుట్టు నెరిసింది గానీ ఆ గీత కొట్టడం మాత్రం మానలేదు.

“మొదటి చీటీకే అనుమానం వచ్చింది,” అంది హసింతా. “రెండోది కూడా చూశాక ఖాయమైంది. ఈ నకలు నాకు ఉచిత న్యాయ సహాయం వాళ్ళు తెప్పించి పెట్టారు. అక్కడి లాయరమ్మ చదివి వినిపించేదాకా నాకు తెలీదు, నేను కేటరింగ్ వ్యాపారం చేస్తున్నానని. నెలకి ఏడువేల నాలుగొందలు సంపాదిస్తున్నానని. చెప్పు, ఆ రోజు నేను నీకెంత చెప్పాను?”

“చాలామంది వచ్చేవాళ్ళండీ. నాకు గుర్తు…”

“ఎంత చెప్పాను?”

గుర్తుంది. మర్చిపోయానని అయిదేళ్ళుగా తనకి తానే చెప్పుకుంటూ వచ్చింది గానీ, ఆ మొహం చూడగానే గుర్తొచ్చింది. అప్పులిప్పించే ర్యాండీ వచ్చి ఫైలు బల్ల మీద పడేసి, నెలకట్టు 2,960 అని చెప్పి పోయేవాడు. ఆమె క్యాలిక్యులేటరు తీసి, దాన్ని పాయింట్ నాలుగుతో భాగించేది. వాయిదా ఆదాయంలో నూటికి నలభై దాటకూడదు గనక, వచ్చిన అంకే ఆదాయం. ముందు జవాబు, తర్వాత ప్రశ్న. ఆఫీసులో అందరూ అలాగే చేసేవాళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని, మధ్యలో పీజా.

“రెండువేల నూరు,” అంది డియోలిండా.

“జీతం కాగితం కూడా ఇచ్చాను.”

“ఇచ్చారు.”

“నువ్వది నా చేతికి తిరిగిచ్చేశావ్. ఇది అక్కర్లేదండీ, దాచుకోండి అన్నావ్. నవ్వుతూ అన్నావ్.” హసింతా కాగితాలు కిందికి దించింది. “మొదటి రెండేళ్ళూ నెలకి పదకొండొందలే కట్టాలన్నారు, మూడో ఏట మూడువేలవుతుందని ఎవరూ చెప్పలేదు. దానికి నేను బాధపడ్డాను గానీ, ఆ కాగితం సంగతి వేరు. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, ఆ ఆఫీసులో ఆవిడ కాగితం కూడా చూడలేదు, మన మాటే నమ్మింది అని. నన్ను నమ్మావనుకున్నాను నేను.”

డియోలిండా మొహం సిగ్గుతో మండిపోయింది. జీతం కాగితం ఫైల్లో ఉంటే ఆదాయం అబద్ధమని ఫైలే చెబుతుంది. అందుకే తీసి ఇచ్చేసేది. ఆ ఒక్క పనే ఆమె చక్కగా, మర్యాదగా, నవ్వుతూ చేసేది. అవతలివాళ్ళు దాన్ని నమ్మకం అనుకుని ఇంటికి పట్టుకుపోయారని ఏనాడూ అనుకోలేదు. నిన్న డోనట్ల కొట్లో అందరి ముందూ ‘వాళ్ళే అబద్ధాలు చెప్పారు’ అన్న మాట ఇప్పుడు నోట్లో చేదుగా తగిలింది.

“లాయరమ్మ ఏమందంటే,” హసింతా మళ్ళీ గొంతు తగ్గించింది, “ఆ అంకె నేను చెప్పింది కాదని, ఆఫీసువాళ్ళే రాశారని, అక్కడ పనిచేసినవాళ్ళొకరు రాసిస్తే చాలంది. సోమవారం పొద్దున్న జడ్జీ ముందు పెట్టి, తాళాలు మార్చకుండా ఆపిస్తానంది. ఇవాళ అయిదింటిదాకా ఆఫీసులో ఉంటుంది. రాసియ్యి.”

డియోలిండా బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుంది. ఇదంతా ముందే అల్లిన వలేమో. రెండో చీటీకే నన్ను పోల్చుకుని రెండు రోజులు ఎందుకాగింది? రాసిస్తే ఈ ఉద్యోగం పోతుంది. పోతే పోయింది, రేపు ఎవడో నల్లకోటు వచ్చి, తప్పుడు అంకె రాశానని నువ్వే ఒప్పుకున్నావుగా అంటే? ర్యాండీ టెక్సాస్ పోయి హాయిగా ఉన్నాడు. న్యూయార్కు వాళ్ళు హాయిగా ఉన్నారు. మధ్యలో తనొక్కతే దొరకాలా?

“కుదరదండీ,” అంది. “నేను లెక్కల పని మీద వచ్చాను. ప్రమాణం చేశాను. ఈ బ్యాగుతో వచ్చినప్పుడు వేరే పనేదీ చెయ్యకూడదు.”

హసింతా గొలుసు తీసి తలుపు బార్లా తెరిచింది.

“అయితే బ్యాగు బయట పెట్టి రా.”

రోడ్డవతల ఎల్వుడ్ రేడియో ఆపి మరీ చూస్తున్నాడు. డియోలిండా మెట్టు మీద నిలబడింది. లోపల చీకట్లో ముసలామె ఒకావిడ, గోడవారగా సర్దిన అట్టపెట్టెల పక్కన, కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు. కూతురు పట్టపగలు తలుపు అంత బార్లా తియ్యడం చూసి భయపడిపోయి, దిండుని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ చేతులు చూశాక డియోలిండా ఇంక లెక్కలు కట్టలేదు. బ్యాగు భుజం మీంచి దించి, కార్డు మెడలోంచి తీసి దాని మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

వంటింటి బల్ల మీద హసింతా తెల్లకాగితం, పెన్ను పెట్టింది. డియోలిండా నిటారుగా కూర్చుని రాసింది. ముందు తన పూర్తి పేరు, ఆఫీసులో తనని పిలిచిన పేరు. తర్వాత ఏ సంవత్సరం, ఏ ఆఫీసు, ఎవరు ఏ అంకె చెప్పి పోయారు, తను దాన్ని దేంతో భాగించింది, జీతం కాగితం ఎందుకు తీసి ఇచ్చేసింది. ర్యాండీ చెప్పాడు గనక అన్న మాట ఒకచోట రాసింది. కాసేపు చూసి కొట్టేసింది. నేను రాశాను అని రాసింది. సంతకం పెట్టబోయింది.

“ఆగు,” అంది హసింతా. “ముందు చదువు. పైకి చదువు. అప్పుడు మీరెవరూ చదివి వినిపించలేదు.”

డియోలిండా చదివింది. ‘ఆమె నాకు చెప్పిన ఆదాయం రెండువేల నూరు డాలర్లు. ఏడువేల నాలుగువందలు నేను రాసినది’ అన్నచోట హసింతా మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది. అంకెల పక్కనే అక్షరాల్లో కూడా రాయమంటే రాసింది. అప్పుడు సంతకం పెట్టించుకుని, హసింతా ఆ కాగితం మడవకుండా ఓ పుస్తకం మధ్యలో పెట్టింది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? నాలుగుంపావయింది.

“ఇప్పుడు నీ బ్యాగు తెచ్చుకో. నీ పని కూడా చూసుకో,” అంది.

బ్యాగు తెచ్చుకుని, కార్డు మెడలో వేసుకుని, ఫారం తీసింది. ఏప్రిల్ ఒకటిన ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఇద్దరు. పేర్లు, పుట్టిన తేదీలు. ముసలామె తన పుట్టినరోజు తనే చెప్పింది, నెమ్మదిగా, సంవత్సరంతో సహా. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. డియోలిండా ఫారంలో ఉన్నదున్నట్టు చదివింది.

“ఈ ఇల్లు అప్పు మీద మీ సొంతమా? అప్పేమీ లేకుండా సొంతమా? అద్దెదా? లేకపోతే అద్దె కట్టకుండా ఉంటున్నారా?”

హసింతా నవ్వినట్టే పెదవి విరిచింది. “ఇల్లు పోయింది. మా ఆయన చావు ఖర్చులకి దీని మీదే తెచ్చిన రెండో అప్పు మాత్రం ఉంది, రోజూ ఫోన్లు చేస్తున్నారు. అప్పుంది, ఇల్లు లేదు. దానికి గడి ఏది?”

“లేదండీ.”

పెన్సిలు గాల్లోనే ఉంది. మిగిలేది నాలుగోదే, అద్దె కట్టకుండా ఉండడం. ముప్ఫై వేలు ముందు కట్టి, నెలనెలా పీచ్ పళ్ళ గుజ్జు కడిగిన చేతులతో వాయిదాలు కట్టిన మనిషిని పట్టుకుని ఆ మాట ఎలా రాయడం? డియోలిండాకి గుండె కరిగిపోయింది. ఇంకాస్త ముందుకి వంగి, మెల్లగా, మర్యాదగా అంది:

“మొదటిది రాసేస్తానండీ. అప్పు మీద సొంతమని. ఎవరూ చూడరు.”

హసింతా ఆమె మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

“మళ్ళీనా?” అంది.

డియోలిండా పెన్సిలు పట్టుకున్న చెయ్యి బల్ల మీదకి దిగిపోయింది.

“నాలుగోది రాయి. అద్దె కట్టడం లేదని రాయి. నేను అప్పుడు కూడా నిజమే చెప్పాను,” అంది హసింతా. డియోలిండా నాలుగో గడిని నింపింది.